ఇటుక రంగు

జూన్ చివర్లో వచ్చింది బ్రైడా
వీపు మీద గాజుగొట్టాల పెట్టెతో.
గుమ్మంలో "అల్లెగ్రా" అంది,
ఆ తర్వాత అంతా గడ్డి గురించే.
దారి చూపితే రోజుకి నలభై ఫ్రాంకులట.
ఆవులెటూ పైకే పోతాయి కదా, సరేనన్నాను.

ఇన్ నది ఒడ్డున మొదలుపెట్టాం.
తెల్ల క్లోవర్. మూడాకుల మొక్క.
అరవై ఏళ్ళుగా నేను తొక్కుతున్నదే.
వంద మీటర్లు ఎక్కడం, ఆగడం,
ఆకు తుంచి వేళ్ళతో నలిపి గొట్టంలో వేయడం,
పైన పసుప్పచ్చ కాగితం ముక్క వేలాడదీసి
బిరడా బిగించడం.

రాత్రి నా వంటింటి బల్ల నిండా అవే.
తెల్లారేసరికి
నది ఒడ్డువి ఇటుక రంగుకి తిరిగాయి.
కొండ మీదివి పసుపు పసుపుగానే ఉన్నాయి.

"సయనైడ్" అంది, కాఫీ ఊదుకుంటూ.
పాలగిన్నె మీద మూత పెట్టాను.
నవ్వింది.
ఈ కాస్త ఆవునేం చేస్తుంది,
నత్తకి నోరు చేదెక్కుతుందంతే.

ఆకులో విషం విషంగా ఉండదట.
ఒక సగం, కణం లోపలి సంచిలో, చక్కెరకి కట్టేసి.
ఇంకో సగం బయటి గోడలో, కత్తెరలాంటి ఎంజైమ్.
ఒకే ఇంట్లో పుట్టి పెరిగినా
ముఖాలు చూసుకోవు.
నత్త కొరికిన చోట గోడ కూలి
అప్పుడు కలుస్తాయి,
చేదు బాదం వాసనతో.

"అయితే పైనున్నవి పిరికివా?"
"పైన నత్త కంటే ముందు మంచొస్తుంది."
మంచు ఆకుని లోపల్నుంచే చీలుస్తుంది.
కొరికినవాడు లేకుండానే సగాలు కలిస్తే
దాచుకున్న కత్తి తన కడుపులోనే దిగుతుంది.
అందుకే వదిలేసుకున్నాయి, అని ఆగి
"అనుకుంటున్నాం" అని కలిపింది.
ఆ మాట నాకు నచ్చింది.
రేడియోలో వాతావరణం చెప్పేవాడు
ఎన్నడూ కలపడు దాన్ని.

జన్యువు ఉండాల్సిన చోట ఖాళీ ఉందట.
కొట్టేసిన అక్షరం కాదు, చింపేసిన పుట.
అదీ ఒక్కసారి కాదు,
వేర్వేరు కాలాల్లో ఎవరికి వారు చింపుకున్నదే.
మా తాత తుపాకి అమ్మి పొయ్యి కొన్న సంగతి
నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

తొమ్మిదో రోజు, కనుమ దగ్గర
నలభై గొట్టాల్లో ఒకటి ఎర్రబడింది.
సరిగా కడగలేదేమో అన్నాను.
కడిగింది నేనే.
మళ్ళీ చేసింది. మళ్ళీ ఇటుక రంగే.
పక్క మొక్కల ఆకులు తెచ్చి
రెండు రకాల చుక్కలు వేసి చూసింది:
ఒకదానికి సంచి ఉంది, కత్తెర లేదు.
పదడుగుల అవతలిదానికి కత్తెర ఉంది,
కోయడానికేమీ లేదు.
రెండూ సాధువులే.
తుమ్మెద పేరయ్య కుదిర్చిన సంబంధం,
పిల్ల మాత్రం చేదు.
"వాటి పిల్లేనా?"
"తెలీదు. కావచ్చు."

ఎర్ర ఊలు దారం కట్టిన పుల్ల గుచ్చి,
మంచుకి ఇది ఏమవుతుందో చూడమని
దిగిపోయింది.

పన్నెండో రోజు ఫోన్ చేశాను.
నత్తా కాదు, మంచూ కాదు.
ఫ్లురెట్టా.
దారంతో సహా.
అవతల చాలాసేపు నిశ్శబ్దం.
"పాలెలా ఉన్నాయి?"
"మామూలుగానే."

కానీ క్లోవర్ పాకే మొక్క.
నేలకంటుకున్న కాండం మిగిలింది,
దాని మీద గోరంత మూడాకులు.
ఒకటి నలిపి వాసన చూశాను.
నా ముక్కుకి
ముప్ఫై ఏళ్ళ పొగాకు తప్ప ఏదీ తెలీదు.

రాళ్ళు పేర్చి చుట్టూ దడి కట్టాను,
ఆవుల కోసం. మంచుకి దడేముంది.

రాత్రి మొదటి మంచు పడింది.
కిటికీ అద్దం తెల్లగా బిగుసుకుంది.
వెళ్ళి చూడాలి.
కాఫీ ఇంకా వేడిగానే ఉంది.